ప్రపంచ బ్యాంకులో చేరాలంటే ముందు దెబ్బతిన్న ప్రాజెక్టుల ఫైళ్లు చదవండి

ప్రశ్న: డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పీజీ చేస్తున్నాను. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థల్లో పనిచేయాలని ఉంది. వాటి ప్రాజెక్టులు చాలా విఫలమవుతాయని అంటున్నారు. అటు వెళ్లడం మంచిదేనా?

జవాబు: వెళ్లండి, కానీ వైఫల్యం ఎక్కడ పుడుతుందో తెలుసుకుని వెళ్లండి. ప్రపంచ బ్యాంకు లోపలే తయారైన 1992 నాటి వాపెన్‌హాన్స్ నివేదిక, అంతకు ముందు ఏడాది పూర్తయిన ప్రాజెక్టుల్లో 37.5 శాతం సంతృప్తికరంగా లేవని తేల్చింది. అది చూపిన కారణం ‘ఆమోద సంస్కృతి’. రుణం మంజూరు చేయించినవాళ్లకే పేరు, ప్రమోషన్. ఆ తర్వాత ఏళ్ల తరబడి పర్యవేక్షించేవాళ్లకు గుర్తింపు తక్కువ. పైగా ప్రాజెక్టు ముగిసేలోపు దాన్ని రూపొందించిన అధికారి వేరే చోటికి మారిపోతాడు, జవాబుదారీ ఎవరో తేలదు. నర్మదపై సర్దార్ సరోవర్ డ్యామ్ విషయంలో, బ్యాంకే నియమించిన స్వతంత్ర సమీక్ష బృందం మోర్స్ కమిషన్ తప్పుపట్టాకే, ప్రాజెక్టుల వల్ల నష్టపోయినవాళ్ల ఫిర్యాదులు వినే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ 1993లో వచ్చింది. ఐరాసలోని యూఎన్ఓపీఎస్ కథ వేరు: ప్రాజెక్టు సేవలు అందించాల్సిన సంస్థ, చేతకాని పెట్టుబడుల వ్యాపారంలోకి దిగింది. డబ్బు ఒకదానితో ఒకటి సంబంధమున్న కొద్ది కంపెనీలకే వెళ్లింది. 2022లో అధిపతి రాజీనామా చేశారు.

ఇప్పుడు మీ పని. ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌లో ‘అసంతృప్తికరం’ రేటింగ్ పొందిన ప్రాజెక్టు ఒకటి ఎంచుకోండి. అప్రైజల్ పత్రం (రుణం మంజూరుకు ముందు రాసే ప్రణాళిక), మధ్యలోని ప్రగతి నివేదికలు, ముగింపు నివేదిక, స్వతంత్ర మూల్యాంకన విభాగం సమీక్ష, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకోండి. మొదట్లో బేస్‌లైన్, అంటే ప్రాజెక్టుకు ముందున్న పరిస్థితి, కొలిచారా? లక్ష్యాలను ఎప్పుడు తగ్గించారు? ప్రగతి నివేదికల్లో చివరిదాకా ‘బాగుంది’ అని రాసి, ముగింపులో రేటింగ్ ఒక్కసారిగా పడిపోయిందా? ఈ మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. దాని మీద రెండు పేజీల నోట్ రాయండి. దరఖాస్తుకు అది సర్టిఫికెట్ కన్నా బరువైనది.

నైపుణ్యాల్లో సర్వే రూపకల్పన, స్టాటా లేదా ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్, ప్రాజెక్టు కొనుగోళ్ల నియమాలు ముఖ్యం. ఫ్రెంచ్ వస్తే ఆఫ్రికా దేశాల పనులకు కలిసొస్తుంది.

ప్రవేశం ఎక్కువగా స్వల్పకాలిక కన్సల్టెంట్‌గానే ఉంటుంది. బ్యాంకులో ఆ ఒప్పందానికి ఆర్థిక సంవత్సరానికి 150 రోజులే పరిమితి. మిగతా రోజులకు వేరే ఆదాయం చూసుకోండి. ఎంచుకునే వీలుంటే డిజైన్ బృందం కన్నా మూల్యాంకన, పర్యవేక్షణ పనులే అడగండి. ఇంటర్వ్యూలో, వాళ్ల ప్రాజెక్టులో మధ్యంతర సమీక్ష ఎవరు చేశారని, దాని తర్వాత ఏం మార్చారని తప్పక అడగండి.