పాఠకుల ప్రశ్నలు: ‘ఎక్సోడస్’ దగ్గర ఏం జరిగింది?

ప్రశ్న: ఇంగ్లిష్ అంతరిక్ష యుద్ధ నవలల ‘స్టార్‌ఫైర్’ సిరీస్‌లో ‘ఇన్ డెత్ గ్రౌండ్’, ‘ది శివ ఆప్షన్’ ఏకబిగిన చదివాను. అదే ఊపులో ‘ఎక్సోడస్’ పట్టుకుంటే వంద పేజీలు దాటడమే కష్టమైంది. ఏది ఏ ప్రభుత్వమో కూడా తెలియలేదు. ఇద్దరు కలిసి రాస్తే ఇంతేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు నచ్చిన ఆ రెండూ ఇద్దరు రాసినవేనండి. 1990 నాటి ‘ఇన్‌సరెక్షన్’ నుంచి 2002 నాటి ‘ది శివ ఆప్షన్’ దాకా నాలుగు నవలలూ డేవిడ్ వెబర్, స్టీవ్ వైట్ జంటవి. ‘ఎక్సోడస్’కి వెబర్ లేరు. వైట్‌తో షర్లీ మయర్ కలిశారు. 2011లో ‘ఎక్స్‌ట్రీమిస్’కి ఆ చోట్లోకి చార్లెస్ గానన్ వచ్చారు.

ప్రభుత్వాలు అర్థం కాకపోవడానికి కారణం వేరే. మీరు ఒక నవల దాటేశారు. ‘ఇన్‌సరెక్షన్’ అచ్చులో మొదటిదే అయినా కథలో ‘శివ ఆప్షన్’ తర్వాతది. అంచు గ్రహాలు మనుషుల ప్రభుత్వమైన ఫెడరేషన్ మీద తిరగబడి విడిపోయేది అందులోనే. ‘ఎక్సోడస్’లో కనిపించే రిమ్ ఫెడరేషన్ అనే పేరు ఎక్కడిదో తెలియాలంటే అది చదివి తీరాలి. కథ వరస ఇదీ: ‘క్రూసేడ్’, ‘ఇన్ డెత్ గ్రౌండ్’, ‘ది శివ ఆప్షన్’, ‘ఇన్‌సరెక్షన్’, ఆ తర్వాతే ‘ఎక్సోడస్’.

ఇక అసలు నిరాశ సంగతి. ఈ సిరీస్ 1979లో వచ్చిన ఒక బోర్డ్ గేమ్ నుంచి పుట్టింది. ఆ ఆట నియమాల మీద వెబర్ కూడా పనిచేశారు. నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య దారి వార్ప్ పాయింట్లనే గుమ్మాలే; ఒకదాంట్లో దూరితే మరో నక్షత్రం దగ్గర తేలతారు. అంటే దండెత్తేవాడు ఏ గుమ్మంలోంచి వస్తాడో కాచుకున్నవాడికి మామూలుగా ముందే తెలుసు. అక్కడ మైన్లు పరిచి, కోటలు కట్టి కూర్చుంటాడు. గుమ్మం దాటేటప్పుడు ఓడల్ని గుంపుగా తోస్తే రెండు ఒకేచోట తేలి రెండూ పేలిపోతాయి. ఒక్కొక్కటిగా పంపితే కోటలు వాటిని ఏరి కాలుస్తాయి. సాలీడు జాతి శత్రువు ఆ నష్టాన్ని లెక్కచేయకుండా గుంపుగానే తోస్తుంది. మనవాళ్ళు ముందుగా క్షిపణులు నింపిన పాడ్లు (పెట్టెలు) పంపి కోటల్ని దెబ్బతీస్తారు. మిమ్మల్ని రాత్రంతా మేలుకోబెట్టింది ఈ లెక్కే. ప్రతి గెలుపుకీ ఎన్ని ఓడలు పోయాయో పాఠకుడి కళ్ళముందే తేలుతుంది.

‘ఎక్సోడస్’లో శత్రువు కాంతివేగం కన్నా నెమ్మదిగా, మామూలు అంతరిక్షంలో తరాల తరబడి ప్రయాణించి వస్తాడు. రావడానికి గుమ్మాలతో పనే లేదు. ఊహ గొప్పదే. మాటల్లేకుండా మనసుతో మాట్లాడుకునే జాతికి, ఆ శక్తి లేని మనుషులు మనుషుల్లా కనిపించకపోవడం ఆలోచించదగ్గ విషయం. కానీ బలం నౌకాదళం మీంచి ఆ జాతి ఆక్రమణలో ఉన్న బెల్లెరోఫాన్ గ్రహం మీదికీ, ఆ జాతి లోపలి తగాదాల మీదికీ జరిగిపోయింది. యుద్ధాలున్నాయి, కానీ మునుపటి లెక్క లేదు. మా దృష్టిలో లోపం అదే.

మనకు ఎర్రన ఉదాహరణ ఉంది. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ ధోరణిలోనే అందుకుని, మెల్లగా తిక్కన శైలి వైపు నడిపించాడు. అతుకు కనబడదు. ఒకరి సిరీస్‌లో చెయ్యి పెట్టేవారికి కావలసింది ఆ ఓపిక.

ప్రశ్న: లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇలాంటివి కనిపిస్తే ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరును నమ్మకండి, చిన్నక్షరాల్లో ఉన్నదీ చదవండి. కాపీరైట్ పేజీలో ఏడాది చూసి, ముందు భాగానికి ఎంత ఎడం వచ్చిందో లెక్కేయండి. తర్వాత మొదటి అధ్యాయం వదిలేసి, నడిమిలో ఒక యుద్ధం వెతికి నాలుగు పేజీలు అక్కడే నిలబడి చదవండి. ఎవరి దగ్గర ఎన్ని ఓడలున్నాయో, ఎందుకు వెనక్కి తగ్గారో తెలియకపోతే తిరిగి పెట్టేయండి.

‘ఇన్ డెత్ గ్రౌండ్’ ఒక్కటే దొరికితే ఆగండి. యుద్ధం సగంలో ఉండగానే అది అయిపోతుంది. 2004 నాటి ‘ది స్టార్స్ ఎట్ వార్’లో ‘క్రూసేడ్’, ‘ఇన్ డెత్ గ్రౌండ్’ కలిసి ఉన్నాయి. 2005 నాటి రెండో సంపుటంలో మిగతా రెండూ ఉన్నాయి. లావు పేపర్‌బ్యాక్‌లకు మన ఎండలకి వెన్ను దగ్గర జిగురు ఎండి పేజీలు ఊడుతుంటాయి. చివరి పేజీలున్నాయో లేదో చూడందే డబ్బులివ్వకండి.

ప్రశ్న: వెబర్ ‘ఆనర్ హారింగ్టన్’ సిరీస్‌లో ఎరిక్ ఫ్లింట్‌తో రాసినవి వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. 2003 నాటి ‘క్రౌన్ ఆఫ్ స్లేవ్స్’ బాగుంటుంది. ఫ్లింట్ సిరీస్ నాయిక, అంతరిక్ష నౌకాదళ అధికారిణి అయిన ఆనర్ జోలికి పోకుండా, తాను ముందే ఒక చిన్న నవలలో పెంచుకున్న ఇద్దరు గూఢచారులను వెంటబెట్టుకుని పక్కదారిలో కథ నడిపారు. ఆ పక్కదారి అసలు దారినే మార్చింది. వెబర్ అసలు ఆలోచన ప్రకారం 2005 నాటి ‘ఎట్ ఆల్ కాస్ట్స్’లో ఆనర్ చనిపోవాలి, కథ ఆమె పిల్లలతో చాలా ఏళ్ళ తర్వాత మొదలవాలి. శత్రుదేశాలకు చెందిన ఆ ఇద్దరు గూఢచారులకు ఉమ్మడి శత్రువు ముందే అవసరం కావడంతో ఆ కాలక్రమం ముందుకు జరిగి, ఆమె బతికిపోయింది. అందుకే ‘ఎట్ ఆల్ కాస్ట్స్’ తెరిచే ముందు ‘క్రౌన్ ఆఫ్ స్లేవ్స్’ పూర్తి చేయండి.