ఫోన్‌లో ఓటీపీ చెప్పి, పార్సిల్ రాలేదంటున్నారు

ప్రశ్న: హైదరాబాద్‌లో పార్సిళ్లు డెలివరీ చేస్తాను. గత వారం ఒక కస్టమర్ ఫోన్‌లోనే ఓటీపీ చెప్పి, 'ఆఫీసులో ఉన్నాను, షూ ర్యాక్ మీద పెట్టి వెళ్లండి' అన్నారు. అలాగే పెట్టాను. సాయంత్రానికి పార్సిల్ లేదన్నారు. మర్నాడు వేరే పార్సిల్‌తో అదే అపార్ట్‌మెంట్‌కు వెళ్తే గేటు వేయించి, బండి తాళం లాక్కుని గంటసేపు కూర్చోబెట్టారు. కేసు పెడతానంటున్నారు. పార్సిళ్లు ఇచ్చే మా కంపెనీ హబ్‌లోనేమో అందులోని వాచీ ఖరీదు రూ.9,600 నా పేఅవుట్‌లో కోస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చట్టం సంగతి తర్వాత, ముందు కెమెరా సంగతి చూడండి. సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంటుంది. మీకు ఇప్పటికే వారం గడిచిపోయింది. ఆ రెండు రోజుల ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని అసోసియేషన్ సెక్రటరీకి ఈరోజే రాసివ్వండి, వాట్సాప్‌లోనూ పంపండి. ఆయన మీకు చూపించకపోయినా, రేపు పోలీసులు అడిగినప్పుడు 'మాకెవరూ చెప్పలేదు' అనలేరు. మీ కాల్ లాగ్, ఓటీపీ కొట్టిన సమయం కనిపించే యాప్ స్క్రీన్ కూడా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఓటీపీ ఉంది కదా, ఇంక భయమేంటి అనుకోకండి. పార్సిల్ అందిందనడానికి అది మంచి ఆధారమే. కానీ చేతికివ్వలేదని మీరే చెబుతున్నారు. ర్యాక్ మీద పెట్టమన్నది ఫోన్ మాట. కాల్ వివరాల్లో ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు అనేది ఉంటుంది, ఏం మాట్లాడారన్నది ఉండదు. పెట్టిన చోట ఫొటో తీసి ఉంటే మీ పని సగం తేలికైనట్టే. ఇకపై 'మీరు చెప్పినట్టే ర్యాక్ మీద పెడుతున్నాను' అని ఒక మెసేజ్ పెట్టి కదలండి. బండి నిండా పార్సిళ్లతో పరుగెత్తే మనిషికి అదీ ఒక పనే, తెలుసు.

కేసు విషయానికొస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ నమ్మకద్రోహం గురించి చెబుతుంది. సరుకు చేరవేసేవారు ఆ నేరం చేస్తే శిక్ష 7 ఏళ్ల దాకా ఉంది కాబట్టి ఆ పేరు వినగానే టెన్షన్ సహజం. అయితే పార్సిల్ కనబడకపోతే చాలదు, మీరు దురుద్దేశంతో దాన్ని కాజేశారని రుజువు కావాలి. విచారణకు రమ్మని స్టేషన్ నుంచి నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే చట్టం) 35(3) కింద నోటీసు వస్తే తప్పకుండా హాజరవండి. నోటీసు ప్రకారం నడుచుకునేవారిని, కారణాలు రాతపూర్వకంగా చూపకుండా అరెస్టు చేయకూడదు. రాజీ పేరుతో 'డబ్బు కట్టేస్తాను' అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. తప్పు ఒప్పుకున్నారనే దాన్ని చదువుతారు.

నిజానికి నేరమనదగింది ఇప్పటికి కనిపిస్తున్నది అవతలివైపే. గేటు మూయించి మనిషిని కదలనివ్వకపోవడం న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. ఏడాది దాకా జైలు, రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనుమానం ఉంటే 100కో 112కో ఫోన్ చేయాలి గానీ తాళం లాక్కునే హక్కు ఏ కస్టమర్‌కూ లేదు. మీరే ముందు ఫిర్యాదు ఇవ్వండి. వాళ్లు పెట్టాక ఇస్తే 'కౌంటర్ కేసు' అని తేలిగ్గా తీసేస్తారు.

ఇక రూ.9,600. ఇక్కడ మీరు ఎవరన్నది తేలాలి. పే స్లిప్, పీఎఫ్ ఉండి జీతం మీద పనిచేస్తుంటే వేతనాల కోడ్ వర్తిస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లో ఉంది. మీ నిర్లక్ష్యం వల్ల పోయిన సొత్తుకే కోత పెట్టవచ్చు, అదీ మీ సంజాయిషీ విన్నాకే. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. వినకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి.

'డెలివరీ పార్ట్‌నర్' అని యాప్‌లో టిక్ కొట్టి చేరారా? అప్పుడు మీకూ వాళ్లకూ మధ్య నడిచేది ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, అప్పగించిన వస్తువును మామూలు జాగ్రత్త గల మనిషిలా చూసుకుంటే అది పోయినా మీ బాధ్యత కాదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం చిక్కే, కాబట్టి ఆ షరతుల పేజీ ప్రింట్ తీయండి. వినియోగదారు చెప్పిన చోటే పెట్టానని, ఏ షరతు కింద కోస్తున్నారో చూపమని హబ్‌కు మెయిల్ పెట్టండి. హబ్ ఇన్‌ఛార్జ్‌తో నోటి మాటగా తేల్చుకోవద్దు.

లాయర్ ఫీజు భారమనుకుంటే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మరికొన్ని వర్గాలకూ ఈ వీలుంది, మిగతావారికి ఆదాయ పరిమితి చూస్తారు. వెళ్లేటప్పుడు ఆ ప్రింటు, స్క్రీన్ ఫొటోలు, సెక్రటరీకి ఇచ్చిన కాగితం నకలు పట్టుకెళ్లండి.