‘కువైట్ నుంచి వస్తే సూట్‌కేసు ఏదమ్మా?’

ప్రశ్న: మాది విజయవాడ కృష్ణలంక. నాకు 34 ఏళ్ళు. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవారు. ఆరేళ్ళ క్రితం తాగిన మత్తులో పక్క వీధి అతనితో గొడవపడి కొట్టారు. అతను ఆసుపత్రిలో చనిపోయాడు. ఏడేళ్ళు శిక్ష పడింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో వడ్రంగం పనిలో ఉండి, రిమిషన్ కింద తగ్గించిన రోజులు పోను నాలుగు నెలల క్రితం ఇంటికొచ్చారు. ఇన్నాళ్ళూ నేను వన్‌టౌన్ బట్టల షాపులకు జాకెట్లు కుట్టి ఇల్లు నడిపాను. డ్వాక్రా గ్రూపులో లీడర్ని కూడా.

ఆయన తెల్లవారుజామున అయిదింటికే లేచి కూర్చుంటారు. స్నానానికి వెళ్ళాలన్నా ‘వెళ్ళనా?’ అని నన్నడుగుతారు. వీధి తలుపు దగ్గర నిలబడిపోతారు, ఎవరో ఒకరు తీస్తే తప్ప దాటరు. మనిషి అలికిడి వింటే వెనక గదిలోకి పోతారు. బీడీలకు పది రూపాయలు అడగడానికి ఆయన పడే సిగ్గు చూడలేకపోతున్నాను. ఒకరోజు కానిస్టేబుల్ వచ్చి ‘ఏం చేస్తున్నావ్’ అని అడిగి వెళ్ళాడు, ఆ రాత్రంతా ఆయనకు నిద్రలేదు. పాత షెడ్డు ఓనరు ‘చూద్దాంలే’ అన్నాడు.

మా బాబుకి పదేళ్ళు. నాన్న కువైట్‌లో ఉన్నాడని చెప్పి పెంచాం. ఆయన వచ్చిన రోజున ‘కువైట్ నుంచి వస్తే సూట్‌కేసు ఏదమ్మా?’ అన్నాడు. ఈ మధ్య ఒంట్లో బాగానే ఉన్నా బడికి వెళ్ళనంటున్నాడు. మాఘమాసంలో తెనాలిలో మా తమ్ముడి పెళ్ళి. అల్లుణ్ణి మాత్రం తీసుకురావద్దని మా అమ్మ అంటోంది. అత్తయ్యేమో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ పోదామంటారు. ఆయన చనిపోయినతని భార్య కాళ్ళమీద పడి వస్తానంటున్నారు. ఏం చేయాలి? ఆయన మళ్ళీ మామూలు మనిషి అవుతారా? ఇంకో మాట. ఆయన లేనప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉండేదనిపిస్తోంది. నేను చెడ్డదాన్నా?

జవాబు: ముందు సూట్‌కేసు సంగతి మాట్లాడుకుందామమ్మా. మీరు పెళ్ళి గురించి అడిగారు, హైదరాబాద్ గురించి అడిగారు. బాబు మాట మాత్రం మధ్యలో ఒక్క ముక్కగా రాసి వెళ్ళిపోయారు. నేను మీ ఉత్తరం మూడుసార్లు చదివితే మూడుసార్లూ అక్కడే ఆగాను.

ఆ పిల్లాడికి తెలుసు. పూర్తిగా కాకపోవచ్చు, కువైట్ అబద్ధమని మాత్రం తెలుసు. చనిపోయిన మనిషి ఇల్లు మీకు పక్క వీధిలోనే ఉంది. అదే వీధి పిల్లలు మీవాడి బడిలోనూ ఉంటారు కదా. ఒంట్లో బాగానే ఉన్న పిల్లాడు బడికి వెళ్ళనంటున్నాడంటే అక్కడ ఎవరో ఏదో అన్నారనే నేను అనుకుంటాను. మిమ్మల్ని అడిగితే మీరు బాధపడతారని తన కడుపులోనే దాచుకుంటున్నాడు. పెద్దవాళ్ళు పిల్లల కోసం అబద్ధమాడితే, పిల్లలు పెద్దవాళ్ళ కోసం ఆ అబద్ధాన్ని నమ్మినట్టు నటిస్తారు. పదేళ్ళవాడికి అది మోయలేని బరువు.

అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి. చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. మీరు పక్కన కూర్చోండి. అత్తగారు ఆ సమయానికి ఇంట్లో లేకపోతేనే మంచిది, ఆవిడ ఏడుపు అందుకుంటే మాట అక్కడే ఆగిపోతుంది. పొడుగాటి కథ అక్కర్లేదు. ‘నేను కువైట్ వెళ్ళలేదు నాన్నా. తాగి ఒకాయన్ని కొట్టాను. ఆయన చనిపోయాడు. నేను చేసింది తప్పు. కోర్టు శిక్ష వేసింది, జైల్లో ఉన్నాను, శిక్ష అయిపోయి వచ్చాను.’ ఇంతే. ‘వాడే ముందు తిట్టాడు’, ‘నా ఖర్మ’ లాంటివి అందులో రాకూడదు. వస్తే తప్పు చేసినా ఎవరిమీదకో తోసేయొచ్చని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆ తర్వాత మీ వంతు. ‘నీకు అబద్ధం చెప్పాను, నువ్వు చిన్నవాడివని భయపడ్డాను’ అని ఒప్పుకోండి. బడిలో ఎవరైనా అడిగితే చెప్పాలా వద్దా అన్నది వాడిష్టం. చెప్పనవసరం లేదు, అబద్ధం ఆడనవసరమూ లేదు అనండి. క్లాస్ టీచర్‌ని మీరొక్కరే వెళ్ళి కలవండి, ఎవరేం అంటున్నారో కనుక్కోండి.

వాడు ఏడవచ్చు, వారం రోజులు ఆయనతో మాట్లాడకపోవచ్చు. అప్పుడు కంగారుపడి చాక్లెట్లతో, సెల్‌ఫోన్‌తో సర్దిచెప్పే పని పెట్టుకోవద్దు.

ఇక తలుపు దగ్గర నిలబడిపోవడం. మీకది పిచ్చిలా కనిపిస్తోందేమో, కాదు. జైల్లో మనిషి తన చేత్తో తలుపు తీసే సందర్భమే ఉండదు. పొద్దున్నే బ్యారక్ తెరుస్తారు, తలలు లెక్కపెడతారు, సాయంత్రం చీకటి పడకముందే లోపలికి పంపి మళ్ళీ లెక్కపెట్టి తాళం వేస్తారు. లేవడం, తినడం, నడవడం అన్నీ ఇంకొకరి మాట మీదే. అలా కొన్నేళ్ళు గడిచాక ‘నేనేం చేయాలి’ అని తననుతాను ప్రశ్నించుకునే అలవాటే పోతుంది. చాలాకాలం క్రితం నా దగ్గరికి ఒక హమాలీ వచ్చేవాడు, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. జైలు నుంచి వచ్చిన కొత్తలో నా గది బయట అరగంట నిలబడ్డాడు. తలుపు ఓరగానే ఉంది. ‘తోసుకుని రాకపోయావా’ అంటే, ‘తోయొచ్చని తట్టలేదండీ’ అన్నాడు. వంద బస్తాలు మోసే చేతులవి!

కాబట్టి ఆయన ‘వెళ్ళనా?’ అన్నప్పుడు ‘వెళ్ళండి’ అనకండి. వినడానికి మొరటుగా ఉంటుంది గానీ, మీరు అనుమతి ఇచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో మీరు వార్డరు అవుతున్నారు. ‘మీ ఇష్టం’ అని మీ పనిలో మీరుండండి. చిన్న చిన్న నిర్ణయాలు ఆయనకు వదలండి. ఈ పూట కూర ఏం తేవాలో మీరు చెప్పకండి, డబ్బులిచ్చి రైతు బజారుకు పంపండి. చేదు కాకరకాయలు రెండు కిలోలు తెస్తే తెచ్చారు, వండుకు తినండి. అత్తగారు కొడుక్కి వెనక గదిలోకే కంచం పంపుతూ ఉంటే అది మానిపించండి. పదిమందిలో కూర్చుని తినడం దగ్గర్నుంచి మళ్ళీ అలవాటు కావాలి. బీడీ డబ్బులు కూడా అంతే. రోజూ అడిగించుకోవద్దు, సోమవారం వారానికి సరిపడా ఇచ్చేయండి, లెక్క అడగొద్దు.

నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఇంకా కొన్ని వారాలు సాగితే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. అక్కడిదాకా వెళ్ళడానికి మొహమాటపడితే టెలీమానస్ అని 14416 నంబరు ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు మీరైనా చేయండి.

చెడ్డదాన్నా అని అడిగారు. కాదు. ఆరేళ్ళపాటు మీరు ఒక్కరే సంపాదించారు, ఒక్కరే లెక్కలు చూసుకున్నారు, ఎవర్నీ అడగకుండా నిర్ణయాలు తీసుకున్నారు. ఇప్పుడు ఇంట్లోకి ఇంకొక మనిషి వచ్చాడు, ఆయన పాత మనిషీ కాదు, మీరు పాత మనిషీ కాదు. ప్రశాంతత పోయిందని అనిపించడం సహజం. మీ కుట్టు డబ్బు, మీ బ్యాంకు పుస్తకం, గ్రూపు లీడర్ పదవి ఇవేవీ ఆయన మనసు నొచ్చుకుంటుందని వదులుకోవద్దు. భర్త రాగానే భార్య వెనక్కి తగ్గాలని చుట్టాలు చెబుతారు, నేను చెప్పను. ‘మామూలు మనిషి అవుతారా’ అంటే, ఆరేళ్ళ కిందటి మామూలు మనిషి తాగి వచ్చేవాడు కదమ్మా. ఆ మనిషే తిరిగి రావాలని మీరు కూడా కోరుకోరు.

హైదరాబాద్ వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. అక్కడ సెక్యూరిటీ గార్డు పనికి వెళ్ళినా, డెలివరీ పనికి వెళ్ళినా పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. ఆటోనగర్‌లో వెల్డింగు అతుకు చూస్తారు, చెక్క ఎలా కోశాడో చూస్తారు. ఆయన చేతిలో ఉన్న పనికి దేశంలో అంతకంటే మంచి చోటు తక్కువ. ‘చూద్దాంలే’ అన్న ఓనరు దగ్గరికే మళ్ళీ వెళ్ళమనండి, కాకపోతే ‘పని ఇప్పించండి’ అని కాదు, ‘వారం రోజులు చేస్తాను, నచ్చితేనే కూలీ కట్టివ్వండి’ అని. అక్కడ కుదరకపోతే చిన్న షెడ్లు చాలా ఉన్నాయి. ఆయనతో పాటు పనిచేసిన పాత మేస్త్రీ ఎవరైనా పక్కనుంటే సగం పని అయినట్టే. జైల్లో చేసిన వడ్రంగాన్ని దాచొద్దు. అది కూడా పనే. ఖైదీల పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. ఆ కూలీలో బాకీ ఏమైనా మిగిలి ఉందేమో జైలు ఆఫీసుకు ఉత్తరం రాసి అడగండి.

ఊరు మారితే పేరు మారుతుందనుకోవడం మన భ్రమ. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది చూడండి. కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బ్రిటిష్‌వాళ్ళు అక్కడ ఉంచారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. 1970ల్లో మన విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి దాన్ని పెట్టిన గోరా గారి అబ్బాయి లవణం, ఆయన భార్య హేమలత (కవి జాషువా గారి అమ్మాయి) అక్కడివాళ్ళ మధ్యకే వెళ్ళి పనిచేశారు. అక్కడివాళ్ళను తీసుకెళ్ళి ఇంకెక్కడో దాచలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, కృష్ణలంకలో మిమ్మల్ని ఆరేళ్ళు చూసిన మనుషులున్నారు. మీ గ్రూపు ఆడవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో అద్దె ఇంటి ఓనరుకి ఏదో ఒకరోజు తెలుస్తుంది, అప్పుడు మీ పక్షాన మాట్లాడేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

కాగితాల పని కూడా ఉంది. రేషన్ కార్డులో ఆయన పేరుందో లేదో వార్డు సచివాలయంలో చూడండి. ఆధార్ పాత ఫోన్ నంబరుతో ఉంటే మార్పించండి. రెండేళ్ళు దాటి లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది, బ్యాంకుకు వెళ్ళి కేవైసీ ఇస్తే మళ్ళీ తెరుస్తారు. జైలుకెళ్ళినవాడికి ఓటు ఉండదని చాలామంది అనుకుంటారు. లోపల ఉన్నంతకాలమే ఉండదు, బయటికొచ్చాక ఉంటుంది. జాబితాలో పేరు పోయి ఉంటే ఫారం 6 నింపితే సరి. ఈ ఆఫీసులన్నిటికీ ఆయన్నే పంపండి, మీరు తిరగొద్దు. క్యూలో నిలబడటం, తన పేరు తాను చెప్పుకోవడం కూడా వైద్యమే.

కానిస్టేబుల్ విషయం. శిక్ష పూర్తిచేసి వచ్చిన మనిషి వారం వారం స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాల్సిన పనిలేదు. ఆయన విడుదల కాగితం జిరాక్సు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. మళ్ళీ వస్తే ఆయన వెనక గదిలోకి పోకుండా, మీరిద్దరూ గుమ్మంలోనే నిలబడి మర్యాదగా మాట్లాడండి. దాక్కున్న మనిషి మీదే అనుమానం వస్తుంది. రాకపోకలు ఎక్కువైనా, ఆయన పేరున రౌడీషీటు లాంటిది ఏదైనా తెరిచారని తెలిసినా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మీరు ఆడవారు కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఫోన్ నంబరు 15100.

ఒక విషయం మీరు రాయలేదు. ఇప్పుడు తాగుతున్నారా? లోపల ఉన్నన్నాళ్ళు దొరక్క మానేసిన మనిషికి అసలు పరీక్ష పనిలో చేరాక మొదలవుతుంది. శనివారం సాయంత్రం వారం కూలీ చేతిలో పడుతుంది, నలుగురూ ‘రా’ అంటారు. పనిలో చేరకముందే దీని గురించి మాట్లాడుకోండి. శనివారం బాబుని తీసుకుని మీరే ఎదురెళ్ళి, ముగ్గురూ ఎక్కడైనా దోసె తిని ఇంటికి రావడం ఒక పద్ధతిగా పెట్టుకోవచ్చు. మళ్ళీ తాగి వస్తే మాత్రం ‘పాపం, జైల్లో ఎన్ని కష్టాలు పడ్డాడో’ అని ఊరుకోవద్దు. ఆ ఒక్క విషయంలో జాలి పనికిరాదు.

చనిపోయినతని భార్య కాళ్ళమీద పడతానని మీ ఆయన అంటున్నారన్నది అన్నిటికంటే కష్టమైన మాట. ఆయన పశ్చాత్తాపం నిజమే అయి ఉంటుంది. అయితే హఠాత్తుగా గుమ్మంలోకి వెళ్ళి కాళ్ళమీద పడితే బరువు దిగేది ఆయనకి, నలుగురి మధ్యా క్షమించాల్సిన బలవంతం ఆవిడకి. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆరేళ్ళు కోలుకోవడానికే చాలవు. ఇప్పుడు వెళ్ళొద్దు. ఆ కుటుంబానికి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ‘ఆయన క్షమాపణ చెప్పుకోవాలనుకుంటున్నాడు, మీకు ఇష్టమైతేనే’ అని ఒక్కమాట చేరవేయించండి. ఆవిడ వద్దంటే అక్కడితో ఆగిపోవాలి, మళ్ళీ అడగకూడదు. అప్పటిదాకా ఆ వీధిలో ఆవిడ ఎదురైతే ఆయనే పక్కకు తప్పుకోవాలి. సంపాదన మొదలయ్యాక ఆ ఇంటి పిల్లల చదువుకు ఏదైనా ఇవ్వాలని ఆయనకే అనిపిస్తే, అదీ ఆ పెద్దమనిషి ద్వారానే, వాళ్ళు ఒప్పుకుంటేనే, పేరు బయటికి రాకుండా. నేను చెప్పిన 1998 తీర్పులో కూడా ఖైదీ కూలీలో కొంత భాగం బాధితులకు పక్కన పెట్టేలా చట్టం చేయాలన్న మాట ఉంది. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు.

ఇక మీ తమ్ముడి పెళ్ళి. మీ అమ్మగారి మాట విని మీరింత మథనపడుతున్నారు గానీ, పెళ్ళికొడుకుని అడిగారా? అమ్మ ద్వారా కాకుండా నేరుగా ఫోన్ చేసి ‘మీ బావ రావాలా వద్దా’ అనండి. పెళ్ళికూతురి వైపువాళ్ళకి సంగతి ఇప్పటికే చెప్పారో లేదో కూడా కనుక్కోండి. చెప్పకుండా దాచి ఉంచితే మీ ఆయన వచ్చినా రాకపోయినా తర్వాత గొడవ తప్పదు, ఆ నింద మళ్ళీ మీ ఇంటిమీదకే వస్తుంది. తమ్ముడు రమ్మంటే ముగ్గురూ వెళ్ళండి, తాళి కట్టే వేళకు వెళ్ళి భోజనం చేసి వచ్చేయండి, అప్పగింతలదాకా ఉండనక్కర్లేదు. వద్దంటే మీరూ బాబూ వెళ్ళండి. ‘ఆయనకి ఒంట్లో బాగాలేదు’ అని మాత్రం అక్కడ ఎవరికీ చెప్పకండి, బాబు పక్కనే ఉండి వింటాడు.

పెళ్ళికి ఇంకా టైముంది. ఈ ఆదివారం ఆయన చేత బాబుకి చెప్పించండి. వాడు మొట్టమొదట ఏం అడిగాడో నాకు రాయండి.