చెరువు అడుగు మట్టిలో పాత సంగతులు దొరుకుతాయా? వరుస చెదరకపోతే దొరుకుతాయి

మీరు అడిగింది ఇది: "ఉత్తర ధ్రువం దగ్గర మనుషులే లేని సరస్సుల్లో కూడా గత 150 ఏళ్లలో జీవజాలం మారిపోయిందని, అడుగు బురద చూసి ఆ సంగతి చెప్పారని చదివాను. ఎవరూ కొలతలు తీయని చోట అది ఎలా తెలుస్తుంది? మాది మార్కాపురం వైపు. కంభం చెరువులో గానీ మా ఊరి చెరువులో గానీ ఇలాంటి పని చేయొచ్చా?"

చేయొచ్చు. కాకపోతే రెండు చోట్లా ఒకే పద్ధతి పనికిరాదు. బురద ఎక్కడైనా దొరుకుతుంది. ఏడాది మీద ఏడాది పేరిన వరుస చెదరకుండా మిగిలిన బురద దొరకడమే కష్టం. నేను భూగర్భశాస్త్రం చదివాక కొంతకాలం ఒక పరిశోధక బృందంతో కలిసి పులికాట్ ఉత్తర భాగంలోనూ, ఉదయగిరి వైపు మెట్ట చెరువుల్లోనూ ఈ పని చేశాను. అక్కడ చూసినదాన్ని బట్టే చెప్తున్నాను.

ముందు మీరు చదివిన సరస్సుల సంగతి. నీటిలో డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు జీవులుంటాయి. వాటి పెంకు సిలికాతో తయారవుతుంది, అంటే దాదాపు గాజు లాంటి పదార్థం. జీవి చనిపోయినా పెంకు అడుగుకు చేరి అలాగే ఉండిపోతుంది. ఒక్కో జాతికి ఒక్కో రకం నీళ్లు కావాలి. కొన్నిటికి ఆమ్లం ఎక్కువున్న నీళ్లు, కొన్నిటికి ఉప్పు నీళ్లు, కొన్నిటికి ఎరువు పారే నీళ్లు. బురదను పొరలుగా కోసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కాచి సేంద్రియ పదార్థం పోగొట్టి, ఒక్కో పొరలో మూడు నాలుగు వందల పెంకులు మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. ఏ కాలంలో ఏ జాతులు ఎక్కువున్నాయో తెలిస్తే అప్పటి నీరు ఎలాంటిదో తెలుస్తుంది. ఓపిక పరీక్షించే పనే గానీ, ఆ పెంకుల మీద చెక్కినట్టుండే గీతలు మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

ఈ పద్ధతి బలం నలుగురికీ తెలిసింది 1980ల్లో. యూరప్‌లో సరస్సులు ఆమ్లంగా మారి చేపలు చచ్చిపోతుంటే, కారణం బొగ్గు పొగా, లేక చుట్టూ కొత్తగా నాటిన అడవులా అని పెద్ద వివాదం నడిచింది. స్కాట్లండ్‌లోని రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే చిన్న సరస్సు చుట్టూ అసలు అడవి నాటనే లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన రిక్ బాటర్‌బీ బృందం దాని అడుగు మట్టి చూస్తే, 1850 ప్రాంతం నుంచి ఆమ్లాన్ని తట్టుకునే డయాటమ్‌లు పెరుగుతూ వచ్చాయి. నీటి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 నుంచి 4.7 దాకా దిగిందని లెక్క తేలింది. బొగ్గు, చమురు కాలితే పుట్టే గుండ్రటి మసి కణాలు కూడా ఇలాంటి సరస్సుల పై పొరల్లో దొరికాయి. దాంతో చెట్ల మీద నింద నిలవలేదు.

మారుమూల సరస్సుల మీద శాస్త్రవేత్తలకు అంత మక్కువ ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది. అక్కడ అనుమానించాల్సినవి తక్కువ. మన పక్క చెరువులో నాచు జాతులు మారితే పొలాల ఎరువులు, ఇళ్ల మురుగు, చేపల పెంపకం, కట్టకు చేసిన మరమ్మతు, వీటిలో ఏది కారణమో విడదీయడం కష్టం. కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలోని చిన్న నీటి గుంటల్లో ఇవేవీ లేవు. మరియాన్ డగ్లస్, జాన్ స్మోల్ అక్కడి మట్టి చూసి 1994లో ప్రకటించిందేమిటంటే, వేల ఏళ్లు పెద్దగా మారని డయాటమ్ జాతులు 19వ శతాబ్దం నుంచి ఉన్నట్టుండి మారిపోయాయి. మంచు కరిగి ఉండే రోజులు పెరగడమే దానికి సరిపోయే కారణం. అవే గుంటల్లో కొన్ని 2006 వేసవిలో పూర్తిగా ఎండిపోయాయి. ఇక 2011లో ఉత్తరార్ధగోళంలోని 36 మారుమూల సరస్సుల మట్టి పోల్చి చూస్తే, 25 సరస్సుల్లో 1895 ప్రాంతం నుంచే మనుషుల వల్ల గాల్లో కలిసిన నత్రజని గుర్తు కనిపించింది. మనిషి అడుగు పెట్టకపోయినా అతని పొగ వెళ్లింది.

కాలం లెక్క ఎలా అంటారా? ముఖ్యమైనది సీసం-210. నేలలోని రేడియం నుంచి పుట్టిన రేడాన్ వాయువు గాల్లోకి చేరి, క్షీణించి ఈ రేడియోధార్మిక సీసంగా మారుతుంది. వానతోనూ దుమ్ముతోనూ నీళ్లలో పడి బురదలో చేరుతుంది. 22 ఏళ్లకు అది సగమవుతుంది. లోతుకు పోయేకొద్దీ ఎంత తగ్గిందో కొలిస్తే సుమారు 100 నుంచి 150 ఏళ్ల దాకా పొరల వయసు కట్టొచ్చు. అంతకు పాతదానికి కార్బన్-14, అంటే చచ్చిన జీవుల్లో నెమ్మదిగా తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్. అణు పరీక్షల సీజియం-137 గుర్తు 1963 దగ్గర శిఖరంగా కనిపిస్తుంది గానీ, మన లాంటి ఉష్ణ ప్రాంతాల్లో అది బలహీనంగా ఉంటుంది, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

మన ప్రాంతానికి ఇంకో గుర్తుంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. 1877లో దాన్ని కడప ప్రాంతానికి బయటి దేశం నుంచి తెప్పించారు. కాబట్టి చెదరని మట్టిలో ఏ పొరలో దాని పుప్పొడి కనిపిస్తే ఆ పొర అంతకంటే పాతది కాదు. అయితే జమ్మి దాని దగ్గరి చుట్టమే, రెండిటి పుప్పొడికీ పోలిక ఉంటుంది. పుప్పొడి బాగా తెలిసినవాళ్లకే చూపించాలి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ 1946 నుంచీ ఇలాంటి పనికి పేరున్నది.

ఇప్పుడు కంభం. గుండ్లకమ్మకు కొండల మధ్య అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలిపిన సుమారు 500 ఏళ్ల నాటి చెరువు అది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి నిర్మాణంగా గుర్తింపు కూడా వచ్చింది. మీ పనికి అదొక వరం. సహజమైన సరస్సుకు మొదలు ఎక్కడో తేల్చడం కష్టం, కట్టిన చెరువుకు మొదలుంటుంది. కిందికి పోతూ పోతూ సన్నటి చెరువు బురద ఆగిపోయి పాత నేల, ఏటి ఇసుక తగిలిన చోటు దాదాపు కట్ట వేసిన కాలం. పై నుంచి సీసం-210, కింద నుంచి కట్ట వయసు, రెండు కొసలూ దొరుకుతాయి. తూముల దగ్గరా, ఏరు చెరువులో కలిసే చోటా తీయొద్దు, అక్కడ ప్రవాహం మట్టిని కోసేస్తుంటుంది.

మీ ఊరి చెరువు సంగతి వేరు. మెట్ట చెరువులు ఎండుతాయి. నెర్రెలిస్తాయి. పై మట్టి ఆ నెర్రెల్లోంచి అడుగున పడుతుంది, పశువులు తొక్కుతాయి, పూడిక తీస్తారు. ఉదయగిరి వైపు ఒక చెరువులో మేము తీసిన మట్టిలో పైభాగమంతా కలిసిపోయి ఉంది, సీసం లెక్క ఎక్కడా వరుసగా తగ్గలేదు. దాని కింద మాత్రం సన్నటి పొరలు చక్కగా నిలిచాయి. అలా ఎందుకుందో ల్యాబులో తేలలేదు. ఆయకట్టు రైతు ఒకాయన తన చిన్నప్పుడు ఎంత లోతు మట్టి తవ్వి బండ్ల మీద పొలాలకు తోలారో చెప్తే తేలింది. అందుకే ఏ చెరువుకైనా ముందు కట్ట మీద కూర్చుని పెద్దవాళ్లను అడగండి. ఎప్పుడు ఎండింది, కట్ట ఎప్పుడు తెగింది, మట్టి ఏ మూల తీశారు, ఎవరు తోలుకెళ్లారు. ఇది మొహమాటానికి చేసే పని కాదు, డేటాలో భాగం. నోట్‌బుక్కులో తేదీతో రాయండి.

పులికాట్‌లో చిక్కు ఇంకో రకం. ఉత్తరపు కొస వేసవిలో ఎండి ఉప్పు పేరుతుంది, నీళ్లున్న చోట పీతలు, పురుగులు బురదను కెలుకుతాయి. సంవత్సరాల వారీగా చదవాలని చూస్తే నిరాశే మిగులుతుంది. కానీ ఉప్పదనం దశాబ్దాల మీద, శతాబ్దాల మీద ఎటు పోయిందో చెప్పడానికి డయాటమ్‌లు, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వలు చాలు. ప్రశ్న ఎంత సన్నదో మట్టి అంత సన్నగా ఉందా అని చూసుకోవాలి, అంతే.

తీసే విధానం కష్టం కాదు. లోతు తక్కువైతే పారదర్శకమైన పైపును నిలువుగా, నెమ్మదిగా బురదలోకి దించి, పై మూత బిగించి లాగాలి. కొబ్బరిబోండంలోని స్ట్రా పై కొస వేలితో మూసి ఎత్తితే నీళ్లు జారవు కదా, అదే సూత్రం. పైన బురదకు ఆనుకున్న నీళ్లు తేటగా ఉంటే పై పొర చెదరలేదని అర్థం. మబ్బుగా ఉంటే పారబోసి మళ్లీ తీయండి. ఒడ్డుకు తెచ్చేదాకా పడవలో పైపును పడుకోబెట్టొద్దు. సెంటీమీటరుకో ముక్క కోసి, అంచున పైపుకు రాసుకున్న మట్టి తీసేసి, కవర్లలో పెట్టి చల్లగా ఉంచాలి. అనుమతి కోసం నీటిపారుదల శాఖకు మీ కాలేజీ ద్వారా ముందే రాయండి. పులికాట్‌లో అయితే పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి కూడా కావాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ప్రతి వేసవిలో మన ప్రాంతంలో పూడికతీత జరుగుతుంది. జరగాలి కూడా, చెరువులో నీళ్లు నిలవాలి, ఆ ఒండ్రు చేలకు బలం. కానీ జేసీబీ దిగిన పూట వందేళ్ల వరుస లారీకెక్కిపోతుంది, దాన్ని ఎవరూ తిరిగి పేర్చలేరు. మీ ఊళ్లో పూడికతీత మొదలవుతోందని తెలిస్తే పరిశోధన, గైడు, నిధులు అన్నీ కుదిరేదాకా ఆగకండి. పని మొదలుపెట్టని మూల చూసుకుని, పంచాయతీ వాళ్లకు చెప్పి ఒక్క పైపు మట్టి తీయండి. చెరువు అప్పటికే ఎండి ఉంటే గోతి గోడ నిలువుగా చెక్కి, ఒక పక్క తెరిచి ఉన్న రేకు పెట్టెను అందులోకి కొట్టి మట్టిని దిమ్మలా తీయొచ్చు. ప్లాస్టిక్ కవరు చుట్టి, ఏది పైవైపో బాణం గుర్తు వేసి, చెరువు పేరు, తేదీ, చోటు, కట్ట నుంచి దూరం రాసి, నీడలో చల్లగా దాచండి. పరీక్షలు తర్వాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు.