బరువు తగ్గితే థైరాయిడ్ గడ్డ కరుగుతుందా?

మీ ప్రశ్న చదివానండీ. రెండో కాన్పు తర్వాత బరువు 86 కిలోలకు చేరింది, స్కాన్‌లో థైరాయిడ్‌కి కుడివైపు 1.8 సెంటీమీటర్ల గడ్డ కనబడింది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) మాత్రం నార్మల్. బరువు వల్లే వచ్చిందా, తగ్గితే కరుగుతుందా అని అడిగారు. నాకూ గడ్డ ఉంది, బరువూ ఉంది. కొన్నేళ్లుగా ఇక్కడ హైదరాబాద్‌లోనే ఎండోక్రైనాలజిస్ట్‌కి, అంటే హార్మోన్ల డాక్టర్‌కి చూపించుకుంటున్నాను. డాక్టర్‌ని కాకపోయినా, ఆవిడని అడిగి అడిగి తెలుసుకున్నది చెప్తాను.

సంబంధం ఉంది. బరువు ఎక్కువున్న వాళ్లలో ఈ నోడ్యూల్స్, అంటే గడ్డలు ఎక్కువగా కనబడుతున్నాయని చాలా పరిశోధనల్లో తేలింది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. థైరాయిడ్ కణాలు పెరగడానికి అది ఊతమిస్తుందట. లావుగా ఉన్నవాళ్లలో టీఎస్‌హెచ్ కూడా నార్మల్‌లోనే కాస్త పైన ఉంటుంది, గ్రంథిని పెంచేది అదే కదా. అంతమాత్రాన మీ గడ్డ బరువు వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. వయసు పెరిగేకొద్దీ ఇవి మామూలు, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో వస్తూనే ఉంటాయి. సన్నగా ఉండే మా చెల్లికి నాకన్నా పెద్ద గడ్డే ఉంది. నన్ను ఒక పెళ్లిలో నలుగురి ముందు "తిని తెచ్చుకుంది" అన్నారు. చాలా బాధపడ్డాను. మిమ్మల్నీ అలా అంటే దయచేసి మనసులో పెట్టుకోకండి.

కరుగుతుందన్న ఆశతో మాత్రం ఉండకండి. నేను బాగానే తగ్గాను, షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి అన్నీ మెరుగయ్యాయి. గడ్డ సైజు అంతే ఉంది. నాకు భయమేసేది ఒక్కటే, "ముందు పది కిలోలు తగ్గి అప్పుడు చూపించుకుంటా" అని వాయిదా వేయడం. బరువుది ఒక దారి, గడ్డది ఇంకో దారి.

మీ రిపోర్ట్ చివర టైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది, మీరది రాయలేదు. స్కాన్‌లో గడ్డ ఎలా కనబడిందో చూసి ఇచ్చే గ్రేడ్ అది. చాలామంది రేడియాలజిస్టులు (స్కాన్ చూసి రిపోర్ట్ రాసే డాక్టర్లు) వాడే అమెరికన్ పద్ధతిలో 1.8 సెంటీమీటర్లకి గ్రేడ్ 3 అయితే కొన్నాళ్లకి మళ్లీ స్కాన్ చాలు, 4 గానీ 5 గానీ అయితే ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సూది పరీక్ష చేయమంటారు. 1, 2 అయితే సూది అక్కర్లేదు. సూదికి భయపడకండి, రక్తం తీసినంత సేపే. మెడ ఒకటి రెండు రోజులు కాస్త నొప్పిగా ఉంటుంది. ఈ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కానివే.

ఇంకొకటి. మెడ లావుగా ఉంటే గడ్డ చేతికి సరిగ్గా దొరకదు, కాబట్టి ఎవరైనా తడిమి చూసి "ఏం లేదమ్మా" అంటే స్కాన్ మానేయకండి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా ఒంటి బరువు వల్లే అనుకోకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉండగా బరువు తగ్గడానికని థైరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు, గుండెదడ వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తపరీక్షకి కనీసం రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్ట్ తప్పుగా రావచ్చు. ఈ సంగతి ల్యాబ్‌లో చాలామంది అడగరు.

బరువుకైతే భారతీయులకి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 23 దాటితే చాలు, బరువు ఎక్కువున్నట్టే, ఆడవాళ్లకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు చూడండి, మన వంటలకి బాగా కుదురుతాయి. నేను అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచాను, పొద్దున్నే ఇందిరా పార్క్‌లో నడుస్తాను. పింక్ సాల్ట్ మోజులో అయోడిన్ ఉప్పు మానకండి.

ప్రైవేటు ఖర్చు భారమనిపిస్తే పంజాగుట్ట నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా మెడ స్కాన్ తీయించి ఉంటే ఆ రిపోర్ట్ కూడా వెతికి పట్టుకెళ్లండి, సైజు పెరిగిందో లేదో పోల్చి చూస్తారు.