జేసీబీ ప్రమాదం: సదరంలో 35 శాతం ఉంటే పరిహారమూ అంతేనా?

ప్రశ్న: మా అన్నయ్యకు 35 ఏళ్లు, సెంట్రింగ్ మేస్త్రి. రోజుకు 900 కూలి. 2025 జూన్‌లో కోకాపేటలో అపార్ట్‌మెంట్ కడుతున్నచోట రివర్స్ వస్తున్న జేసీబీ చక్రం కుడికాలి మీదికి ఎక్కింది. మోకాలి కింద ఎముక ముక్కలైతే రాడ్ వేశారు. ఇప్పుడు పాదం పైకి లేవదు, కాలు కాస్త పొట్టి అయింది. సదరం సర్టిఫికెట్‌లో 35 శాతం వైకల్యం అని ఇచ్చారు. 2 లక్షలు ఇస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టు అంటున్నాడు కాంట్రాక్టరు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: సంతకం మాత్రం పెట్టనివ్వకండి. ప్రమాదం లేబర్ కోడ్‌లు అమలైన 2025 నవంబరు 21కి ముందు జరిగింది కాబట్టి మీకు వర్తించేది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాసుకున్న కాగితం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రాజీ ఏదైనా 28వ సెక్షన్ కింద, కార్మిక శాఖలో ఈ పరిహారం కేసులు విచారించే కమిషనర్ దగ్గర రిజిస్టర్ కావాలి, మొత్తం తక్కువనిపిస్తే ఆయన నిరాకరించవచ్చు. అయినా అలాంటి కాగితం ఒకటి ఉంటే విచారణలో అదే మీ మీదికి తెస్తారు. ఇప్పటికే డబ్బు ఏమైనా తీసుకుని ఉంటే అది దేనికోసమో రసీదులో స్పష్టంగా రాయించండి.

ఇక అసలు విషయం. సదరం చెప్పేది కాలికి ఎంత వైకల్యం వచ్చిందో. చట్టం అడిగేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఈ రెండూ ఒకటి కావు. పాదం లేవకపోతే నిచ్చెన ఎక్కేటప్పుడు వేళ్లు మెట్టుకు తగులుతాయి, చెప్పు జారిపోతుంది. పరంజా మీద ప్రాప్స్ మోయడం, గొంతుక్కూర్చుని మేకులు కొట్టడం కుదరవు. సెంట్రింగ్ పనంతా అదే కదా! ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగికి ఆ పనికి సంబంధించి 100 శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చెప్పింది. మీ అన్నయ్యకు కాలు తీసేయలేదు కాబట్టి 100 శాతం తప్పక వస్తుందని చెప్పలేను, కానీ 35 దగ్గర ఆగిపోవాల్సిన పని లేదు.

లెక్క చూడండి. 26 రోజులకు కూలి 23,400 అయినా, చట్టం 15,000 వరకే తీసుకుంటుంది. అందులో 60 శాతం 9,000. 35 ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఇచ్చిన గుణకం 197.06. గుణిస్తే 17,73,540. దీనిలో 35 శాతమైతే 6,20,739, 60 శాతమైతే 10,64,124. నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా ఉంటాయి. ఆస్పత్రి బిల్లులు వీటికి అదనం.

ఆ శాతాన్ని నిలబెట్టేది డాక్టరే. ఎముకల డాక్టరు దగ్గరికి మీ అన్నయ్య పనిలో చేసే కదలికలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నరం దెబ్బతిందని తేల్చే ఎన్‌సీవీ పరీక్ష రిపోర్టు, తాజా ఎక్స్‌రే, రెండు కాళ్ల పొడవు కొలత జతచేయించండి. సంపాదన నష్టం ఎంతో ఆయన చేతే రాయించాలి. విచారణకు వచ్చి సాక్ష్యం చెప్పాలని ముందే అడగండి. డాక్టరు రాకపోతే ఆ సర్టిఫికెట్ మీద అవతలి లాయరు అభ్యంతరం చెబుతాడు.

దరఖాస్తు ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. చీలమండ కీలు అరగడం, రాడ్ దగ్గర చీము పట్టడం, కుంటి నడకతో నడుం నొప్పి రావడం లాంటివి నెలలు, ఏళ్లు గడిచాక బయటపడతాయి. 6వ సెక్షన్ కింద పునఃసమీక్ష ఉన్నది పదిహేను రోజులకోసారి ఇచ్చే చెల్లింపులకే. మొత్తం పరిహారం ఒకేసారి తేలిపోయాక, తర్వాత కీలు అరిగిందని మళ్లీ తెరవలేం. అందుకని చికిత్స ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగొచ్చు, కానీ రెండేళ్ల గడువు 2027 జూన్‌తో ముగుస్తుంది. అంతకుముందే దరఖాస్తు వేసి, డాక్టరు సాక్ష్యాన్ని విచారణలో తెచ్చుకోండి.

జీతంలో ఇఎస్ఐ (కార్మిక బీమా) కోత ఉన్నవాళ్లు ఈ దారిలో రాలేరు, ఇఎస్ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డుపడుతుంది. మీ అన్నయ్యకు ఆ కోత లేకపోతే ఈ ఇబ్బంది లేదు. పరిహార చట్టం 12వ సెక్షన్ కింద కాంట్రాక్టరుతోపాటు బిల్డర్‌నూ ప్రతివాదిగా చేర్చండి, బీమా పాలసీ ఉంటే కంపెనీని కూడా. జాగ్రత్తగా లేడనో, హెల్మెట్ పెట్టుకోలేదనో వాళ్లు అనడం మామూలే. తాగి ఉన్నాడని, భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడని రుజువు చేయాల్సింది వాళ్లే. కూలికి ఆధారంగా ఫోన్‌పే చెల్లింపులు, మేస్త్రీలతో వాట్సాప్ మెసేజ్‌లు, హాజరు పుస్తకం ఫొటోలు, ఆస్పత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాగితం దాచండి. ఫోన్ మార్చే ముందు చాట్ బ్యాకప్ మర్చిపోవద్దు.

దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వేయక్కర్లేదు. 21వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ప్రాంతానికి చెందిన కమిషనర్ దగ్గరా వేయొచ్చు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో మీ ప్రాంతం ఎవరి పరిధిలోకి వస్తుందో అడగండి. మీ అన్నయ్యకు లేబర్ కార్డు ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు కూడా విడిగా దరఖాస్తు పెట్టండి.