ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: మాది మలక్‌పేట, వయసు 41. ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నాను. జీ, సీ, డీ కార్డ్‌లు (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే పట్లు) వచ్చాయి. ఎఫ్ పడితే మాత్రం తీగలు మూగబోతున్నాయి. ‘ఈ ఏడాది బాగా వాయించాలి’ అని జనవరిలో డైరీలో రాసుకున్నాను. అది అక్కడే ఉంది.

జవాబు: ‘బాగా’ అన్నది కోరికండీ, లక్ష్యం కాదు. చిక్కడపల్లి అద్దె గదిలో నేర్చుకునే రోజుల్లో నేనూ ఎఫ్ లేని పాటలే ఏరుకునేవాణ్ణి. అడిగితే గొంతు బాగాలేదనేవాణ్ణి!

కొలవగలిగింది రాసుకోండి. తాళం వేసే పరికరం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, నాలుగు దెబ్బలకోసారి సీ నుంచి ఎఫ్‌కు, మళ్లీ సీకి మారాలి. రెండు నిమిషాలు ఏ తీగా మూగబోకూడదు. అది కుదిరాకే 66.

అంతకుముందు, చూపుడువేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా వేసే ఆ ఎఫ్ ఆకారాన్నే ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర పట్టండి. అక్కడది ‘ఏ’ (A) మేజర్ కార్డ్ అవుతుంది. నట్‌కు, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీకి, దూరం జరిగితే తీగను నొక్కడం సులువవుతుంది. వారానికో ఫ్రెట్ చొప్పున మొదటి ఫ్రెట్ వైపు జరగండి. చూపుడువేలిని కాస్త పక్కకు వాల్చి, గట్టిగా ఉండే అంచుతో నొక్కండి. అప్పటికీ మొండికేస్తే తప్పు వేలిది కాకపోవచ్చు. నట్ ఎత్తు ఎక్కువగా ఉందేమో మరమ్మతు చేసేవారికి చూపించండి.

రోజుకు పావుగంట చాలు. వేలి కొసల నొప్పి మామూలే. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆ పూటకు గిటార్ పక్కన పెట్టేయండి.